ట్యాంకు నిండిన రోజే ఆగే లారీ

పంపు, పంపు, పంపు

లారీ దారిలో ఆగిపోయిందంటే చాలు, అందరి చూపూ డీజిల్ పంపు మీదే పడుతుంది. డ్రైవరు పంపు అంటాడు. ఓనరు ఫోన్లో పంపు అంటాడు. బండితో ఏ సంబంధమూ లేకుండా పక్కన టీ తాగుతున్న మనిషి కూడా పంపే అంటాడు. ఐటీఐ చదివి రావులపాలెంలో హైవే పక్కనున్న డీజిల్ షెడ్డులో చేరాను. మోకాళ్లు మొరాయించేదాకా అక్కడే పనిచేశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఇనుముతో పడ్డ కష్టం పెద్దగా గుర్తులేదు. తీర్పు ముందే చెప్పేసుకుని వచ్చే మనుషులతో పడ్డ కష్టం మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇప్పటి బళ్లకి కంప్యూటర్ తగిలించి చూస్తారు. మంచిదే. కానీ పాత బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చేపలకీ, అరటి గెలలకీ, ఇటుకలకీ, ఊకకీ మన డెల్టాలో అవే దిక్కు. వాటిలో డీజిల్ వెళ్లే దారి చాలా తేలిక. ట్యాంకులోకి ఒక గొట్టం దిగి ఉంటుంది, దాని చివర జాలీ ఉంటుంది. ఫీడు పంపు అనే చిన్న పంపు ఆ గొట్టంలోంచి డీజిల్ లాగుతుంది. అది ఫిల్టర్లలో వడపోసుకుని పెద్ద పంపుకి చేరుతుంది. పెద్ద పంపు ఇంజనుకి కొడుతుంది. మిగిలింది ఇంకో సన్న గొట్టంలో ట్యాంకుకే తిరిగొస్తుంది. ఇంతకుమించి ఏమీ లేదు.

పెద్ద పంపు ఈ దారిలో దాదాపు చివర ఉంటుంది. వెతకడం మాత్రం అందరూ అక్కణ్ణుంచే మొదలుపెడతారు. ఇంట్లో కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు మేడ మీద ట్యాంకు చూసొస్తాం. లారీ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడికి పోతుందో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

మా యజమాని చెయ్యి ఆగదు

మా షెడ్డు యజమాని భాస్కరరావు గారు. పనిమంతుడు. ఇంజను చప్పుడు వింటూ ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పేసేవారు. షెడ్డులో ఎవరికి జ్వరం వచ్చినా తనే ఆసుపత్రికి తీసుకెళ్లేవారు. ఒక్కటే బాధ. బండి వేడి చల్లారకముందే పంపు విప్పించేసేవారు. పంపు రాజమండ్రి వెళ్లి, మిషను మీద డీజిల్ కొలత సరిచేసే కాలిబ్రేషన్ చేయించుకుని వస్తే తప్ప ఆయనకి పని జరిగినట్టు ఉండేది కాదు.

ఒక వర్షాకాలంలో ఇటుకల లారీ ఒకటి వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదన్నారు. ట్యాంకు కడుగుదామని నేను అంటూనే ఉన్నాను. పంపు విప్పి రాజమండ్రి పంపించారు. బిగించాక లారీ మా షెడ్డు ఎదురుగానే మళ్లీ ఆగింది. అప్పుడు దింపారు ట్యాంకు. లోపలినుంచి వచ్చింది డీజిల్ కాదు, డికాషన్. తుప్పు రేకులు, నీళ్లు, ఎప్పటిదో గుడ్డపీలిక. గుప్పెడు కంకర, కాస్త డీజిల్ పోసి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని చేతులు పడిపోయేలా ఊపి కడిగాం. బండి ఎత్తు మీద లగెత్తింది. భాస్కరరావు గారు కాసేపు చూసి, "పంపు కూడా ఎంతో కొంత పాడయ్యే ఉంటుంది లెండి," అన్నారు. అలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

ట్యాంకుకి చిల్లు పడితే అక్కడికక్కడే వెల్డింగ్ పెట్టేయమనేవాళ్లు ఇంకో రకం. "ఖాళీ ట్యాంకే కదండి!" అంటారు. ఖాళీ ట్యాంకులోనే ఆవిరి ఉంటుంది, పేలేది అదే. కడక్కుండా నిప్పు దగ్గర పెట్టనని చెబితే, నాకు పని రాదని ఊరంతా చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. చెప్పుకోనివ్వండి. మీరు మాత్రం పెట్టకండి.

చేపల లారీ

ఇన్నేళ్లలో నన్ను బాగా విసిగించిన బండి రంగరాజు గారిది. ఆయనది భీమవరం వైపు. చెరువులున్నాయి, కొన్ని లారీలున్నాయి. వాటన్నిటిలోకీ పాతదైన ఈ లారీలో ఐసు వేసిన చేపల పెట్టెలు కలకత్తా వెళ్లేవి. డ్రైవరు సత్తిబాబుది పాలకొల్లు పక్కన ఒక పల్లె. పెళ్లి కాకముందు నుంచీ ఆ బండి మీదే ఉన్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు సత్తిబాబు చెప్పింది ఇది.

"దమ్ము తగ్గినట్టు ముందు ఏమీ తెలీదండి. ఉన్నట్టుండి గుక్క తిప్పుకోలేనట్టయిపోయి ఆగిపోద్ది. గొట్టం వదులు చేసి లోపల చేరిన ఎయిర్ తీసి, ఫీడు పంపు చేత్తో కొట్టుకుంటే లేస్తాది. కాసేపు పోయాక మళ్లీ అదే."

"రోజూనా?"

"అదేనండి విచిత్రం. ట్యాంకు నిండా కొట్టించిన రోజే ఆగుద్దండి. సగముంటే ఎంత దూరం పోయినా ఏమీ అనదు. ఇంకోటండి, అప్పుడప్పుడూ ట్యాంకు టంగుమంటాది."

భాస్కరరావు గారు పకపకా నవ్వారు. "డీజిల్ ఎక్కువైతే బండి ఆగుతుందా? ఎక్కడైనా విన్నామా?" అని, పంపు విప్పమన్నారు.

అప్పుడే రంగరాజు గారి గుమాస్తా మోటారు సైకిలు మీద వచ్చాడు. జేబులోంచి తాళం చెవి తీసి, ట్యాంకు మూత తెరిచి, లోపలికి కర్ర దించి డీజిల్ ఎంతుందో చూసుకున్నాడు. బండి షెడ్డుకి వస్తే ముందు జరగాల్సిన పూజ అది. డ్రైవర్లు డీజిల్ అమ్ముకుంటున్నారని అనుమానమొచ్చి రంగరాజు గారు లారీలన్నిటికీ తాళం మూతలు పెట్టించారు. మిగతా లారీలకి బజారులో దొరికే మూతలు సరిపోయాయి. ఈ పాత బండి ట్యాంకు మూతి పెద్దది కావడంతో వెల్డింగు షాపులో మందం రేకుతో మూత చేయించి, కింద రబ్బరు షీటు వేసి, కొక్కెం పెట్టి తాళం వేశారు.

మూత తీశాక బండి మా దగ్గర చక్కగా నడిచింది. ఎంతసేపు ఉంచినా ఆగలేదు. అయినా పంపు రాజమండ్రి వెళ్లింది, వచ్చింది. ఆ తర్వాత నిండు ట్యాంకుతో భీమవరంలో బయలుదేరిన లారీ సిద్ధాంతం బ్రిడ్జి మీద లోడుతో ఆగింది. మండుటెండ. సత్తిబాబు కిందికి దిగి, పక్కనుంచి బస్సులు రాసుకుంటూ పోతుంటే ఎయిర్ తీసుకుంటూ కూర్చున్నాడు. లేవడం, కాస్త దూరం పోవడం, ఆగడం. కలకత్తా చేరేసరికి ఐసు నీళ్లయింది. చేపలు కొనేవాళ్లు వెనక్కి తిరిగిపోయారు.

మళ్లీ షెడ్డుకి వచ్చింది. మళ్లీ గుమాస్తా, మళ్లీ కర్ర. ఈసారి ఫీడు పంపు కొత్తది, ఫిల్టర్లు కొత్తవి, గొట్టాలూ వాషర్లూ కొత్తవి. నిండు ట్యాంకుతో మళ్లీ ఆగింది.

అనుమానం

రంగరాజు గారు స్వయంగా షెడ్డుకి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఇందులో మెకానిక్ పనేం లేదండి మేస్త్రిగారూ. నిండా కొట్టించిన రోజే ఎందుకు ఆగుతుంది? అమ్ముకోడానికి అప్పుడే కదా ఉంటుంది!"

"తాళం చెవి మీ దగ్గరే ఉంది కదండి. ఎలా తీస్తాడు?" అన్నాను.

"గొట్టం విప్పి తీస్తాడు. ఎయిర్ తీస్తున్నానని చెప్పి రోడ్డు పక్కన చేసే పని అదే."

చెప్పడానికి వినసొంపుగానే ఉంది. తప్పుడు లెక్కలన్నీ అలాగే ఉంటాయి. తీసిన డీజిల్‌కి కర్ర దించినప్పుడు తేడా రావాలి కదండి, వచ్చిందా అని అడిగాను. గుమాస్తా కర్ర సరిగ్గా చూడటం లేదేమో అన్నారు. కర్ర మీద నమ్మకం లేకపోతే కర్ర ఎందుకు, తాళం మీద నమ్మకం లేకపోతే తాళం ఎందుకు? అడగలేదు. అడిగితే నేనూ వాటాదారుణ్ణే అనేవారు.

అంతటితో ఆగలేదు. గుమాస్తాని, ఇంకో ఇద్దరిని సత్తిబాబు ఊరికి పంపించారు. వాళ్లు పట్టపగలు వీధిలో మోటారు సైకిళ్లు ఆపి, పెరట్లోకి వెళ్లి, నీళ్ల డ్రమ్ము పక్కకి వంచి, గడ్డివాము పొడిచి చూశారు. డీజిల్ చుక్క దొరకలేదు. దొరక్కపోతే ఏం, వీధంతా గోడల మీంచి చూసింది. సత్తిబాబు నా దగ్గరికి వచ్చి చెప్పాడు.

"అప్పట్నుంచీ మా ఇంటిది మంగ కుళాయి కాడికి ఎల్లట్లేదండి. నీళ్లు నేనే తెస్తన్నాను. నన్ను తిడితే పడతాను మేస్త్రిగారూ. నా ఇంట్లో ఎదుకుతారా అండి?"

రంగరాజు గారు అతన్ని బండి దింపేసి కొత్త డ్రైవర్ని పెట్టారు. నిండు ట్యాంకుతో కొత్త డ్రైవరుకీ రావులపాలెం రాకుండానే ఆగింది. ఇకనైనా నిజం కనబడుతుందని నేను సంతోషించాను. రంగరాజు గారు ఫోన్ చేసి ఏమన్నారో తెలుసా? "చూశారా, వీళ్లంతా ఒకటే ముఠా!"

ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాను. మసి ఎప్పుడో పోయింది, కోపం పోలేదు. అప్పుడే ఒక సంగతి తట్టింది. ఈ బండి దారిలో రోగంతో ఉంటుంది, మా షెడ్డులో ఆరోగ్యంగా ఉంటుంది. దారిలో జరగనిదీ, షెడ్డులో మేము చెయ్యి పెట్టకముందే జరిగేదీ ఒక్కటే ఉంది. గుమాస్తా మూత తీస్తాడు.

మూత తీయకుండా

రంగరాజు గారికి ఫోన్ చేసి, నిండు ట్యాంకుతో నేను బండిలో వెళతాను, తాళం చెవి ఇవ్వండి అన్నాను. చెవి ఇవ్వనన్నారు. అయితే మీరే రండి, చెవి మీ జేబులోనే పెట్టుకోండి, నడిపేవాడు మాత్రం సత్తిబాబే ఉండాలి అన్నాను. దొంగని దగ్గరుండి పట్టుకోవచ్చని కాబోలు, వెంటనే ఒప్పుకున్నారు.

రావులపాలెం బంకులో మూతి దాకా కొట్టించాం. రంగరాజు గారు తన చేత్తో తాళం వేసి, లాగి చూసి, చెవి చొక్కా జేబులో వేసుకున్నారు. క్యాబిన్‌లో ముగ్గురం. జొన్నాడ బ్రిడ్జి దాటాం. కడియపులంక నర్సరీలు దాటాం. సత్తిబాబు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. వేమగిరి దాటింది. బండి బ్రహ్మాండంగా పోతోంది. రంగరాజు గారు నావైపు తిరిగి, "నేనున్నానుగా. ఆగదు," అన్నారు.

రాజానగరం దాటాక ఇంజను గుక్క తిప్పుకోలేక రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. పక్కకి తీశాడు.

సత్తిబాబు అలవాటుగా స్పానర్ తీసుకుని దిగబోతే, "ఏదీ ముట్టుకోకు," అన్నాను. ముగ్గురం దిగి ట్యాంకు దగ్గరికి వెళ్లాం.

"రాజుగారూ, ట్యాంకు మీద చెయ్యి వేయండి."

వేశారు. పక్కరేకు ఆకలి కడుపులా లోపలికి పీక్కుపోయి ఉంది.

"ఇప్పుడు తాళం తీయండి."

తాళం వచ్చింది కానీ మూత రాలేదు. రెండు చేతులా పట్టి మెలితిప్పి లాగితే, సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంది. వెంటనే టంగుమని పక్కరేకు బయటికి కొట్టుకుంది. రంగరాజు గారు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశారు. సత్తిబాబు నావైపు చూశాడు. ఆ చప్పుడు సంగతి అతను మొదటిరోజే చెప్పాడు, మేమే పట్టించుకోలేదు.

"నూనె డబ్బాకి రెండు చిల్లులు ఎందుకు పెడతామండి? ఒకదాంట్లోంచి నూనె రావాలంటే రెండోదాంట్లోంచి గాలి లోపలికి పోవాలి. పాత మూతకి ఆ చిల్లు ఉండేది. మీరు చేయించిన మూతకి లేదు. పైగా రబ్బరు. డీజిల్ బయటికి పోతోంది, దాని చోటులోకి గాలి రావడం లేదు. ఫీడు పంపు ఎంతని లాగుతుంది? నిండు ట్యాంకులో గాలి కొంచెమే ఉంటుంది కాబట్టి తొందరగా బిగిసిపోతోంది. సగముంటే లోపలి గాలితో చాలాదూరం నెట్టుకొస్తోంది. ఎయిర్ తీయడానికి గొట్టం వదులు చేసినప్పుడల్లా కాస్త గాలి ట్యాంకులోకి పోయి మళ్లీ లేస్తోంది. అంతేనండి. ఇందులో దొంగ లేడు."

రంగరాజు గారు చేతిలో మూతని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే ఇదంతా ఆ వెల్డింగు షాపువాడు చేసిన పనా?"

నా తల ట్యాంకుకేసి బాదుకోవాలనిపించింది.

రబ్బరు తీసేసి మూత వదులుగా పెట్టి, చేత్తో పంపు కొడితే బండి లేచింది. జగ్గంపేట దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. ఒక్కచోట ఆగలేదు. షెడ్డు దగ్గర దిగుతూ రంగరాజు గారు, "సరే సత్తిబాబూ, రేపు లోడుంది, వచ్చేయ్," అన్నారు, అతను పండక్కి సెలవు పెట్టి వచ్చినట్టు.

సత్తిబాబు కదల్లేదు. "మా వీధిలోకొచ్చి ఒక్క మాట చెప్పండి అండి, నేను డీజిల్ తియ్యలేదని. తర్వాత మాటాడుకుందాం."

"మనకి తెలిసింది కదయ్యా. ఇంకా ఊరికెందుకు?"

"మీ గుమాస్తా డ్రమ్ము వంచింది ఊళ్లోనే కదండి."

వీధి

ఒప్పుకోడానికి ఆయనకి చాలా రోజులు పట్టింది. ఈలోగా ఎవరు దొరికితే ఆ డ్రైవర్ల చేతుల్లో పడి బండి గేరుబాక్సు పాడుచేసుకుంది. చివరికి నన్ను కారెక్కించుకున్నారు. "మీరైతే విడమర్చి చెప్తారు మేస్త్రిగారూ," అన్నారు. చెప్పాల్సింది నేను కాదండీ అని దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. పాలకొల్లు దాటేదాకా ఏసీ పెంచుతూ, తగ్గిస్తూ కూర్చున్నారు.

సత్తిబాబు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. వీధిలో కారు ఆగేసరికి ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. రంగరాజు గారు నాకేసి చూశారు. నాకు వేరే దారి లేక మూత, చిల్లు, గాలి అని మొదలుపెట్టాను. లోపల్నుంచి సత్తిబాబు భార్య మంగ చెంబుతో మంచినీళ్లు తెచ్చి రంగరాజు గారి చేతికిచ్చింది.

"ట్యాంకు సంగతి మాకెందుకండి మేస్త్రిగారూ," అంది. గొంతు పెంచలేదు. నేను నోరు మూసుకున్నాను. అంత హాయిగా నేనెప్పుడూ నోరు మూసుకోలేదు.

రంగరాజు గారు నీళ్లు తాగారు. మెల్లగా, ఆఖరి చుక్క దాకా. మంగ చెంబు తీసుకుని, అక్కడే నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి అండి."

ఆయన తల వంచుకుని, "సత్తిబాబు ఏమీ తియ్యలేదమ్మా. బండిలోనే లోపం," అన్నారు.

"వీధికి వినపడలేదండి."

రంగరాజు గారి మొహం ఎర్రబడింది. లేచి వెళ్లిపోతారనుకున్నాను. లేచారు కానీ వెళ్లలేదు. వీధివైపు తిరిగి గట్టిగానే అన్నారు. "సత్తిబాబు డీజిల్ తియ్యలేదు. ఇంట్లో వెతికించడం నాది తప్పు." ఎదురింటి ముసలావిడ, "మాకు తెల్సులెండి బాబూ," అంది. తెలిస్తే ఇన్నాళ్లూ ఆ ఇల్లాలు కుళాయి దగ్గరికి రాకుండా ఎలా ఊరుకున్నారమ్మా అని అడుగుదామనుకున్నాను. ఆవిడ మీద కోప్పడే ఓపిక కూడా లేకపోయింది.

రంగరాజు గారు కాస్త తేలికపడినట్టు కనబడ్డారు. "ఇక రేపొచ్చేయ్," అన్నారు.

"నేను రాజోలు వాళ్ల కొబ్బరికాయల లారీ ఎక్కానండి," అన్నాడు సత్తిబాబు. "మాటిచ్చేశాను. మీరొచ్చినందుకు చాలా సంతోషం అండి."

కారు వరకూ వచ్చి సాగనంపాడు. తలుపు కూడా తనే వేశాడు.

ఊరు దాటగానే రంగరాజు గారు స్టీరింగు మీద గుద్దారు. "చెప్పించుకుని మరీ పొమ్మన్నాడు చూశారా! వీళ్లని నమ్మి ఇంటికెళ్లడం నాదే బుద్ధి తక్కువ. ఇంకో బండికి మాటిచ్చాడంటే ముందే ఏదో ఉండే ఉంటుంది లెండి. లేకపోతే ఎందుకు పోతాడు?"

పంపులు, ఫిల్టర్లు, గొట్టాలు మార్చగలం. ఈ పనిలోకి వచ్చేవాళ్లు అది బాగా నేర్చుకోండి, ట్యాంకు దగ్గరనుంచి మొదలుపెట్టండి. మిగతాది మీ చేతిలో లేదు. ఆరోజు నాకు ఆయనకి జవాబు చెప్పాలని కూడా అనిపించలేదు.

"కారు ఆపండి," అన్నాను.

"ఏమైందండి?"

"బస్సులో వెళతాను."

ఆపారు. ఎండలో దిగి, తలుపు వేసి, రావులపాలెం బస్సు కోసం నిలబడ్డాను.